కృతజ్ఞతకు చిరునామా

(లాలాపేట్‌లో జరిగిన సంస్మరణ సభలో చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)

సారు కుటుంబానికి, ఆయన దగ్గర సైన్సు చదువుకున్న నాలాంటి వాళ్లకు, ఈ వీధిలో ఆయనతో ఏళ్ల తరబడి పొద్దుటి నడక నడిచిన పెద్దలకు నమస్కారం.

తన పేరు మీద సభలు పెట్టొద్దని సారు చెప్పేవారు. మనం పెట్టుకున్నాం. ఆయన మాటలో సగమైనా నిలబెట్టాలని, ఈ ఉపన్యాసంలో ఆయన పేరు పలకకుండా 'సారు' అనే అంటాను. ఈ హాల్లో ఆ మాటకు ఇంకో అర్థం లేదు.

ఈ రోజు నేను మాట్లాడబోయే విషయం సారు నాకు అప్పగించిందే. నవంబర్ నాలుగో గురువారం అమెరికాలో థాంక్స్‌గివింగ్ పండుగ. అక్కడ రాత్రి భోజనాలు అయ్యేవేళకు మనకు శుక్రవారం తెల్లవారుతుంది. లాలాపేట్, తార్నాక, నాచారంలలో చాలా ఇళ్లలో ఆ పొద్దున ఫోన్లు మోగుతాయి. పిల్లలు అక్కడి నుంచి తమ బల్ల చూపిస్తారు. అలాంటి ఒక శుక్రవారం పొద్దున నేను సారు ఇంటికి వెళ్లాను. ఆయన అప్పుడే మనవరాలితో మాట్లాడి ఫోన్ పెట్టేశారు. నన్ను చూడగానే అడిగారు: "అందరు కూసోని థాంక్స్ చెప్పుకుంటున్నరు, మంచిగనే ఉన్నది. కని ఎవలకు చెప్తున్నరు?"

"దేవుడికి సార్" అన్నాను.

"దేవునికి అందరం చెప్తం. నేల మీద ఎవలకు? ఉత్తరం రాసిన్రు, చిరునామా ఏది?"

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. తర్వాత చదివాను, వెతికాను. జవాబు దొరికేసరికి సారు లేరు. అందుకే ఆయనకు చెప్పాల్సింది మీ ముందు చెబుతున్నాను.

ఊరు పోయిన మనిషి నేర్పిన పంట

1620లో మేఫ్లవర్ అనే ఓడలో 102 మంది ప్రయాణికులు ఇంగ్లండ్ నుంచి అట్లాంటిక్ దాటారు. డిసెంబర్ చలిలో, ఇప్పటి మసాచుసెట్స్ తీరాన ప్లిమత్ దగ్గర నివాసం మొదలుపెట్టారు. చలికాలం గడిచేసరికి వాళ్లలో దాదాపు సగం మంది చనిపోయారు.

వాళ్లు దిగిన చోటు మనిషి అడుగు పడని అడవి కాదు. అది పటక్సెట్ అనే ఊరు. అక్కడ వాంపనోగ్ ప్రజలు తరతరాలుగా మక్క పండించారు. యూరప్ ఓడల వెంట వచ్చిన అంటురోగం 1616కు, 1619కు మధ్య ఆ తీరాన్ని ఊడ్చేసింది. పటక్సెట్‌లో మనుషులు మిగల్లేదు. చదును చేసిన పొలాలు మిగిలాయి.

ఆ ఊరివాడొకడు బతికే ఉన్నాడు. పేరు టిస్క్వాంటమ్. 1614లో ఒక ఇంగ్లిషు ఓడ నాయకుడు ఇంకొందరితో పాటు అతన్ని ఎత్తుకుపోయి స్పెయిన్‌లోని మాలగా రేవులో అమ్మకానికి పెట్టాడు. టిస్క్వాంటమ్ ఎలాగో లండన్ చేరాడు, ఇంగ్లిషు నేర్చాడు, 1619లో ఇల్లు చేరాడు. చేరేసరికి ఇల్లూ లేదు, ఊరూ లేదు. 1621 వసంతంలో, తన వాళ్లంతా పోయిన ఆ నేల మీదే, దాన్ని ఆక్రమించుకున్న కొత్తవాళ్లకు మక్క ఎట్లా వేయాలో అతనే చూపించాడు. విత్తుతో పాటు చేపను పాతిపెడితే నేలకు సత్తువ వస్తుందని నేర్పాడు.

ఆ శరదృతువులో పంట చేతికొచ్చింది. వలసదారుల గవర్నర్ నలుగురిని పక్షుల వేటకు పంపాడు. వాంపనోగ్ నాయకుడు ఉసమెక్విన్ దాదాపు తొంభై మందితో వచ్చాడు. చరిత్ర పుస్తకాల్లో అతన్ని మసాసొయిట్ అంటారు. అతని మనుషులు ఐదు జింకలను వేటాడి తెచ్చారు. మూడు రోజులు కలిసి తిన్నారు. ఎడ్వర్డ్ విన్‌స్లో అనే వలసదారు 1621 డిసెంబర్‌లో రాసిన ఉత్తరంలో ఈ సంగతంతా కొద్ది వాక్యాల్లోనే ఉంది. అప్పటికి బతికి ఉన్న వలసదారులు యాభై మందికి కాస్త అటూ ఇటూ. అంటే ఆ విందులో సగానికి పైగా కూర్చున్నది నేల సొంతదారులు.

ఆ విందును వాళ్లు థాంక్స్‌గివింగ్ అనలేదు. దైవభక్తులైన ఆ వలసదారుల లెక్కలో కృతజ్ఞతా దినమంటే ప్రార్థనా దినం. అలాంటి రోజును ప్లిమత్‌వాళ్లు 1623లో జరుపుకున్నారు. ఆ ఏడాది వాన మొహం చాటేసి మక్క చేలు ఎండిపోతుంటే ప్రార్థనలు చేశారు. వాన కురిసింది. అప్పుడు ఒక రోజును దేవుడికి అర్పించారు. కప్పను రోకలికి కట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, బిందెలతో నీళ్లు పోయించుకున్న ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం మనం. ఆ వాన విలువ మనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఒక సంపాదకురాలి పదిహేడేళ్ల పట్టు

ఆ విందుకూ ఇప్పటి పండుగకూ మధ్య తెగని దారమేమీ లేదు. 1789లో జార్జ్ వాషింగ్టన్ నవంబర్ 26ను కృతజ్ఞతా దినంగా ప్రకటించాడు. తర్వాత ఏ రాష్ట్రం తేదీ ఆ రాష్ట్రానిది. ఈ పండుగను దేశమంతా ఒకే రోజున జరిపించాలని పట్టుబట్టినది సారా జోసెఫా హేల్. చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని, ఐదుగురు పిల్లలను పెంచి, ఒక ప్రసిద్ధ మహిళా పత్రికకు సంపాదకురాలైన మనిషి. 1846 నుంచి ఏటా సంపాదకీయాలు రాసింది, గవర్నర్లకు, అధ్యక్షులకు ఉత్తరాలు రాసింది. అంతర్యుద్ధం నడుమ, 1863 అక్టోబర్ 3న అబ్రహాం లింకన్ నవంబర్ చివరి గురువారాన్ని ప్రకటించాడు. ఆ ప్రకటనలో పండిన చేల మాట ఉంది, యుద్ధంలో దిక్కులేనివాళ్లైన వితంతువుల మాట, అనాథల మాట ఉంది. ప్లిమత్ మాట లేదు. మక్క నేర్పినవాడి మాట అసలే లేదు.

'మొదటి థాంక్స్‌గివింగ్' అనే పేరు 1621 విందుకు అంటుకున్నది కూడా పందొమ్మిదో శతాబ్దంలోనే. అలెగ్జాండర్ యంగ్ అనే ఆయన 1841లో విన్‌స్లో ఉత్తరాన్ని అచ్చు వేస్తూ, అడుగున ఒక చిన్న వివరణలో ఆ మాట రాశాడు. ఆ చిన్న వివరణే బడి పుస్తకాల్లో బొమ్మలతో సహా కథగా పెరిగింది. 1939లో వ్యాపారులకు అమ్మకాల రోజులు పెరగాలని అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పండుగను ఒక వారం ముందుకు జరిపితే దేశం రెండుగా చీలి రెండు రోజుల్లో పండుగ చేసుకుంది. 1941లో చట్టం చేసి నాలుగో గురువారమని తేల్చారు.

ఈ రోజున ఆ దేశంలో ఎక్కడెక్కడి పిల్లలూ తల్లిదండ్రుల ఇంటికి చేరతారు. కాల్చిన టర్కీ కోడి, కోడిలో కూరే రొట్టె ముక్కల మిశ్రమం, మెదిపిన ఆలుగడ్డ, పుల్లటి క్రాన్‌బెర్రీ పచ్చడి, గుమ్మడికాయ తీపి వంటకం బల్ల మీదకు వస్తాయి. తినేముందు ఒక్కొక్కరూ ఆ ఏడాది తమకు దక్కిన మేలు చెబుతారు. ఒంటరివాళ్లను, విద్యార్థులను ఇళ్లకు పిలుస్తారు. దిక్కులేనివాళ్లకు అన్నం పెట్టే కేంద్రాలలో వడ్డించడానికి కుటుంబాలు వెళతాయి. సంక్రాంతికి ఊరు చేరాలని సికింద్రాబాద్ స్టేషన్‌లో బోగీ మెట్ల మీద నిలబడి ప్రయాణం చేసినవాళ్లకు ఆ ఆరాటం పరాయిది కాదు. మన తెలుగు పిల్లలు ఆ పండుగను అంత తొందరగా తమది చేసుకున్నారంటే కారణం ఇదే. మేలు గుర్తు చేసుకుని పెద్దగా పలకడం గొప్ప అలవాటు. దాన్ని నేను గౌరవిస్తాను.

అయితే ఆ దేశంలోనే ఆ రోజున ఉపవాసం ఉండేవాళ్లూ ఉన్నారు. ఉసమెక్విన్ కొడుకు మెటాకామ్ కాలానికే ఒప్పందాలు చెడిపోయాయి, భూములు చేజారాయి. 1675లో యుద్ధం వచ్చింది. 1676లో మెటాకామ్‌ను చంపి, తలను ప్లిమత్‌లో కర్రకు గుచ్చి ఏళ్ల తరబడి ఉంచారు. మూడు రోజులు పక్కన కూర్చుని తిన్న మనిషి కొడుకు అతను. 1970లో, ఓడ వచ్చి 350 ఏళ్లయిన ఉత్సవంలో మాట్లాడమని వంసుట్టా ఫ్రాంక్ జేమ్స్ అనే వాంపనోగ్ పెద్దను పిలిచారు. ఆయన రాసుకున్న ప్రసంగం ముందే చూసి, అది చదవడానికి వీల్లేదన్నారు. ఆయన ఉత్సవానికి వెళ్లలేదు. ప్లిమత్‌లో ఉసమెక్విన్ విగ్రహం ఉన్న గుట్ట మీద తన మనుషులతో నిలబడ్డారు. అప్పటి నుంచి ఏటా థాంక్స్‌గివింగ్ రోజునే అక్కడ జాతీయ సంతాప దినం జరుగుతోంది. వాంపనోగ్‌లు చరిత్రలో కలిసిపోయిన జాతి కాదు. మాష్పీ, అక్విన్నా తెగలుగా ఇప్పటికీ ఆ తీరానే ఉన్నారు.

సారు అడిగిన చిరునామా నాకు మొదట దొరికింది ఆ గుట్ట మీద.

మన పళ్లెంలో ఎవరి చేతి చలువ

ఇక్కడితో ఆపితే ఇది వాళ్ల కథ. సారు ఇక్కడితో ఆపనిచ్చేవారు కాదు. "మనదేంది మరి?" అనేవారు.

కాబట్టి మన పళ్లెం చూద్దాం. సద్దుల బతుకమ్మ నాడు కట్టుకునే సద్దిలో పల్లీల పొడి ఉంటుంది. పల్లి దక్షిణ అమెరికా నేలది. మక్కను మెక్సికో ప్రాంతపు రైతులు దాదాపు 9,000 ఏళ్ల కిందట ఒక గడ్డి మొక్క నుంచి, గింజ తర్వాత గింజ ఏరుకుంటూ తయారు చేశారు. మిరప, టమాట, ఆలుగడ్డ, జామ అటునుంచి వచ్చినవే. మనకు పొరుగున సీతాఫల్‌మండి ఉంది. సీతాఫలానికి సీతమ్మ పేరు పెట్టుకున్నాం, పేటకు కూడా ఆ పేరే పెట్టుకున్నాం. ఆ చెట్టు పుట్టిల్లు కూడా అమెరికా ఖండమేనని వృక్షశాస్త్రం చెబుతుంది.

ఇక బతుకమ్మ. తంగేడు ఈ నేల బిడ్డ. దాని పక్కన పేర్చే బంతి మెక్సికో పువ్వు. అక్కడివాళ్లు చనిపోయిన పెద్దలు ఇంటికొచ్చే రోజున ఆ పువ్వుతోనే దారి పరుస్తారు. గుమ్మడి పూవు పెట్టని బతుకమ్మను మా అమ్మ బతుకమ్మ అనేది కాదు. ఆ తియ్య గుమ్మడి కూడా అమెరికా మూలవాసులు సాగులోకి తెచ్చిన తీగ. ఇవన్నీ ఎక్కువగా పోర్చుగీసు ఓడల కాలంలో మన తీరం ఎక్కాయి. చివరకు టర్కీ కోడి కూడా. 1612లో గోవా నుంచి తెచ్చిన టర్కీని చూసి మొగల్ చక్రవర్తి జహంగీర్ ఆశ్చర్యపోయి తన ఆస్థాన చిత్రకారుడు మన్సూర్ చేత బొమ్మ గీయించాడు. ప్లిమత్ విందుకు అది తొమ్మిదేళ్లు ముందు.

అంటే టిస్క్వాంటమ్ ఎవరి విద్య నేర్పాడో, ఆ విద్యను పెంచిన రైతులే మన పళ్లెంలోనూ వడ్డించారు. ప్లిమత్‌వాళ్లు వాళ్ల బల్ల దగ్గర మూడు రోజులే తిన్నారు. మనం నాలుగు వందల ఏళ్లుగా తింటున్నాం. మనమూ ఉత్తరం రాయలేదు.

గింజ తీసుకుని మాట వదిలేస్తే

ఉత్తరం రాయకపోతే ఏమవుతుందని అడగొచ్చు. దానికి జవాబు ఇక్కడికి కూతవేటు దూరంలో, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో దొరుకుతుంది. 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ మొదలుపెట్టిన ఆ సంస్థ 1958లో హైదరాబాద్ వచ్చింది.

మెక్సికో తల్లులు మక్కను ఉత్తగా వండేవాళ్లు కాదు. సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి, కడిగి రుబ్బేవాళ్లు. ఉత్తరాన ఇంకొన్ని తెగలు కట్టెల బూడిద వాడేవి. మక్కలో నయాసిన్ అనే విటమిన్ కట్టుబడి ఉంటుంది. సున్నం, బూడిద దాన్ని విడిపించి ఒంటికి అందిస్తాయి. యూరప్‌వాళ్లు గింజను తీసుకెళ్లారు. ఆ వంట ఎందుకలా చేస్తున్నారని అడగలేదు. పేదలు మక్క ఒక్కటే తిని బతికిన ప్రాంతాల్లో ఒక కొత్త రోగం పుట్టింది. ఎండ తగిలిన చోటల్లా చర్మం మాడి పొలుసులు లేస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి, మతి చలిస్తుంది. 1735లో స్పెయిన్‌లో గాస్పర్ కాసల్ దాన్ని వర్ణించాడు. ఇటలీవాళ్లు పెల్లాగ్రా అని పేరు పెట్టారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల పేదలను అది వేలకు వేలుగా పొట్టన పెట్టుకుంది. అది అంటురోగం కాదని, తిండిలోని లోటేనని జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే వైద్యుడు రుజువు చేయాల్సి వచ్చింది. థాంక్స్‌గివింగ్ జరుపుకునే దేశంలో, మక్కను పుట్టించిన ఖండంలో, ఆ మక్క తిని మనుషులు పోయారు.

దక్కన్‌లో జొన్న మీదే బతికిన పేదల్లోనూ పెల్లాగ్రా కనిపించింది. తార్నాక సంస్థలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య దాన్ని చూసి, జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం ఒక కారణం కావచ్చని 1960లో ప్రతిపాదించారు. మన ఊళ్లలో జొన్నలో కంది సాలు వేసేవాళ్లు, రొట్టె పక్కన పప్పు, ఆకుకూర ఉండేవి. ఆ పక్కవాటిని కొనే దిక్కులేక జొన్న ఒక్కటే మిగిలినవాడి ఒంటి మీద రోగం తేలింది. అమెరికా మూలవాసులూ అంతే. మక్కను, చిక్కుడును, గుమ్మడిని ఒకే మడిలో వేసి మూడక్కచెల్లెళ్లని పిలిచేవాళ్లు. మక్క కర్ర మీద చిక్కుడు పాకుతుంది, చిక్కుడు నేలకు నత్రజని ఇస్తుంది, గుమ్మడి ఆకులు నేలను కప్పి తడి ఆరనివ్వవు. విడదీస్తే ముగ్గురూ బలహీనులే.

సారు ప్రశ్న ఎంత లోతైనదో నాకు అర్థమైంది ఇక్కడే. కృతజ్ఞతను మనం మర్యాద అనుకుంటాం. ఇచ్చినవాడిని గుర్తుపెట్టుకుంటే అతను చెప్పిన మాటా గుర్తుంటుంది. అతన్ని మరిచిపోయినవాడికి గింజ మిగులుతుంది, దాన్ని తినే తెలివి పోతుంది. పెల్లాగ్రా ఆ మరుపు పెట్టిన రోగం.

మన నేల మీద

మన దగ్గర చిరునామాతో సహా కృతజ్ఞత చెప్పేవాళ్లు ఉన్నారు. భద్రాచలం, ములుగు అడవుల కోయలు కొత్త పంటను నేరుగా నోట్లో పెట్టుకోరు. వేల్పులకు, పోయిన పెద్దలకు పెట్టి, కొత్తల పండుగ చేసి, ఆ తర్వాతే తింటారు. ఆదిలాబాద్ గోండుల్లోనూ కొత్త తినడం అలాంటి పండుగే. మన రైల్వే క్వార్టర్ల వైపు చర్చిల్లో కోత పండుగకు రైతు బిడ్డలు వడ్లు, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి అర్పిస్తారు. వాటిని వేలం పాడి వచ్చిన డబ్బు సంఘానికి ఇస్తారు. ఊళ్లో పొలం అమ్ముకుని పట్నం వచ్చినవాళ్లు కూడా ఆ రోజు సంచిలో ఏదో ఒక పంట పట్టుకొస్తారు.

కొత్తల పండుగ చేసే ఆ చేతుల నుంచే భూమి జారిపోయింది. గిరిజనుల భూములు గిరిజనేతరుల చేతిలోకి పోకుండా ఆపాలని 1/70 చట్టం చేసుకోవాల్సి వచ్చింది. అది 1970. ప్లిమత్ గుట్ట మీద వంసుట్టా నిలబడ్డ సంవత్సరమే. చట్టం ఉండి కూడా ఆ భూముల కోసం ఇప్పటికీ కోర్టుల చుట్టూ తిరుగుతున్న కుటుంబాలున్నాయి.

అంత దూరం కూడా పోనక్కర్లేదు. లాల్లగూడలో 1893లో నిజాం రైల్వే వర్క్‌షాపు వచ్చింది. నాచారంలో పారిశ్రామికవాడ వచ్చింది. వాటి చుట్టూ మన కాలనీలు వచ్చాయి. నాకు, మీకు ఉద్యోగం, ఇల్లు, చదువు ఇక్కడే దొరికాయి. నాచారం, ఉప్పల్ ఒకప్పుడు చెరువుల కింద వరి పండిన ఊళ్లు. ఉప్పల్ నల్ల చెరువు ఇంకా ఆ పేరుతోనే ఉంది. ఆ చెరువులు తవ్విన చేతులెవరివి? ఈ హాలు కింద ఎవరి చేను ఉండేది? మన ఇంటి కాగితాల్లో సర్వే నంబర్ ఉంటుంది, ప్లాటు నంబర్ ఉంటుంది. చివరిగా నాగలి పట్టినవాడి పేరు ఉండదు. మనందరి కాళ్ల కిందా ఒక పటక్సెట్ ఉంది.

పెత్రామాస బియ్యం

బతుకమ్మ ఏ రోజున మొదలవుతుందో మీకు తెలుసు. భాద్రపద అమావాస్య, పెత్రామాస. పొద్దున పెద్దల పేరున బియ్యం, కూరగాయలు ఇస్తాం. సాయంత్రం ఎంగిలి పూల బతుకమ్మ పేరుస్తాం. పోయినవాళ్లను తలుచుకున్న రోజే పూలు ఎత్తడం మొదలవుతుంది. ఈ రెండూ ఒకే రోజున ఎందుకు పడ్డాయని నేను చిన్నప్పుడు సారును అడిగాను. "పేర్లు తలుసుకున్నంకనే పూలు ముట్టాలె" అన్నారు. అప్పుడది ఆచారమనుకున్నాను. ఇప్పుడది ఆయన ప్రశ్నకు సగం జవాబులా వినిపిస్తోంది.

పెత్రామాసకు బియ్యం ఇచ్చేటప్పుడు మూడు తరాల పేర్లు చెబుతాం. తర్పణం చేసేవాళ్లు చివర్లో ఇంకొక దోసెడు నీళ్లు వదులుతారు. తల్లీ తండ్రీ బంధువూ ఎవరూ లేక, పేరు తలిచే దిక్కులేనివాళ్ల కోసం. మన పెద్దలు ఆ దోసెడు దగ్గర చిరునామా తెలియని ఉత్తరానికీ చోటు ఉంచారు. ఆ చోటును మనం వాడుకోలేదు.

వచ్చే పెత్రామాసకు ఒక పని చేద్దామని మిమ్మల్ని కోరుతున్నాను. మన పేర్లన్నీ చెప్పాక ఇంకొక గుప్పెడు బియ్యం వేద్దాం. బంతిని, గుమ్మడిని, మక్కను, పల్లిని మనకిచ్చిన రైతుల పేరున. నాచారం చెరువు కట్ట మీద మట్టి మోసినవాళ్ల పేరున. ఆ సాయంత్రం బతుకమ్మ పేరుస్తూ ఏ పువ్వు ఎక్కడిదో పిల్లలకు చెబుదాం. అమెరికాలో ఉన్న పిల్లలు నవంబర్‌లో బల్ల చుట్టూ కూర్చున్నప్పుడు, తమ వంతు వచ్చినప్పుడు, టిస్క్వాంటమ్ పేరు పలకమని ఫోన్‌లో చెబుదాం. తాము ఉంటున్న ఊరు ఏ తెగవాళ్ల నేలో తెలుసుకుని ఆ పేరూ పలకమందాం. ఆ తెగల మనుషులు ఇంకా బతికే ఉన్నారు కాబట్టి వాళ్లకు ఆ ఉత్తరం నిజంగానే అందుతుంది.

సారూ, మీరడిగిన చిరునామా ఒక చోట లేదు. కొంత ప్లిమత్ గుట్ట మీద ఉంది, కొంత మెక్సికో చేలల్లో ఉంది, కొంత ములుగు అడవిలో ఉంది, కొంత మీరు రోజూ నడిచిన ఈ వీధి కింద ఉంది. ఉత్తరం రాయడం ఇవాళ మొదలుపెట్టాం.